ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు సెంటీమీటర్ల స్టీరింగు పైపు

శుక్రవారం సాయంత్రం మా కారు కింద ఎర్రటి మరక కనిపించింది. కింద పడుకుని చూశాను. ఇంజను పక్కనుంచి పవర్ స్టీరింగు ఆయిలు చుక్క చుక్కగా పడుతోంది. వాచీ విప్పి పక్కన పెట్టుకుని ఇరవై చుక్కలు లెక్కపెట్టాను. సగటున పదకొండు సెకన్లకు ఒకటి.

మా ఆవిడ చీపురుతో వచ్చింది.

"ఏమయ్యా, ఆడ పండుకోని ఏం చేస్తాండావు?"

"పదకొండు సెకన్లకొక చుక్క."

"స్టీరింగు తిరుగుతాదా, తిరగదా? అది చెప్పు."

"డబ్బాలో ఉండే ఆయిలు ఈ లెక్కన..."

"సోమవారం పొద్దున నాకు పరీక్ష ఉండాది," అంది. చీపురు నా కాళ్ల దాకా వచ్చి ఆగింది.

అది డ్రైవింగు పరీక్ష. ఆమె ఎల్ఎల్ఆర్ గడువు ఆ బుధవారంతో ముగుస్తుంది. సోమవారం తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆయిలు కారిపోయి పవర్ పోయినంత మాత్రాన స్టీరింగు తిరగదని కాదు, రుబ్బురోలు పొత్రంలా తిరుగుతుంది. దాంతో ఎనిమిది అంకె ఆకారంలో కారు తిప్పాలంటే ఎవరి తరమూ కాదు.

ఆమెకు లైసెన్సు ఎందుకంటే ధర్మవరానికి తనంతట తాను పోవడానికి. అక్కడ వాళ్ల అక్క ఇంట్లో మూడు మగ్గాలు నడుస్తాయి. మగ్గం మీది వార్పు, అంటే చీర నేసే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడల్లా మా ఇంటికి ఫోను వస్తుంది. కొత్త పోగులను పాత పోగుల కొసలకు అతకడంలో మా ఆవిడ వేళ్లకు ఉన్న వేగం ఆ వీధిలో ఎవరికీ లేదు. తీసుకుపోయేది నేను. స్పీడు నలభై ఎనిమిది మీద పోతే మైలేజి బాగా వస్తుందని కనిపెట్టింది కూడా నేనే. హిందూపురం నుంచి ధర్మవరానికి మా మీటరు ప్రకారం డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు. పెనుకొండలో ఆగి టైర్లలో గాలి చూసుకుంటాను. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. "బస్సులోళ్లంతా మనకు టాటా చెప్పి పోతాండారు," అని ఆమె బాధ.

మొదటి పరీక్ష తప్పడానికి కారణం కూడా నేనే. నేను హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర తూకం చీటీలు రాస్తాను. పదో తరగతితో చదువు ఆగింది, లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఆమెకు డ్రైవింగు కూడా లెక్కగానే నేర్పాను. ఫలానా కంబం దగ్గర కుడికి ఒకటింబావు చుట్టు, తర్వాత ఎడమకు ముప్పావు. పరీక్షలో ఆమె పెదాలు కదులుతుంటే పక్కనున్న ఆఫీసరు, "ఏమ్మా, మంత్రమా?" అని అడిగాడట. జవాబు చెప్పేలోపు లెక్క తప్పింది. లెక్క తప్పితే మొదటి నుంచి పట్టుకోవాలని నేర్పింది నేనే. ఆమె మొదటి నుంచి పట్టుకుంది. అప్పటికే కారు కంబాన్ని పడేసింది.

మా మెకానిక్కు మంగళవారం దాకా ఊళ్లో లేడు. ఆయిలు కారేది స్టీరింగు నుంచి డబ్బాలోకి తిరిగొచ్చే రబ్బరు పైపు. అందులో పెద్ద ఒత్తిడి ఉండదు, రెండు కొసల్లో రెండు క్లాంపులు, అంతే. ఫోనులో నాలుగు వీడియోలు చూశాను. నాలుగింటిలోనూ మనిషి నవ్వుతూనే బిగించాడు.

శనివారం పొద్దున క్లాంపులు విప్పాను. పైపు మాత్రం ఊడి రాలేదు. ఏళ్ల తరబడి వేడికి ఇనుప గొట్టాలకు అతుక్కుపోయింది. కత్తితో రెండు కొసల దగ్గరా కోశాను. చేతికి పైపు వచ్చింది. గొట్టాల మీద మిగిలిన రబ్బరును నిలువుగా చీల్చి, ఒలిచి, పేపరు మీద పడేశాను. చేతిలో ఉన్న పైపును టేపుతో మూడుసార్లు కొలిచి సగటు తీశాను. ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు సెంటీమీటర్లు.

ఆ సైజు పైపు హిందూపురంలో రెండు షాపుల్లో దొరకలేదు. బస్సెక్కి పెనుకొండ పోయాను. అంత పెద్ద కార్ల ఫ్యాక్టరీ పక్కనుండే ఊరు, అక్కడ దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతుందని నా లెక్క. రోడ్డు పక్క స్పేరు పార్టుల షాపులో దొరికింది.

"ఎంత కావాలప్పా?" అన్నాడు షాపాయన.

"ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు."

ఆయన కత్తి పట్టుకున్న చెయ్యి ఆపి నన్ను చూశాడు. "బంగారం గొలుసు కొంటాండావా ఏమి? రెండు జేనలు తీసుకోపో. ఎక్కువైతే కోసుకోవచ్చు, తక్కువైతే నువ్వూ నేనూ సాగదీయలేం."

"నా కొలత కరెక్టుగా ఉండాది."

"నీ ఇష్టమబ్బా," అని కోశాడు. నేను టేపు తీసి ఆయన ముందే సరిచూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. బస్సులో ఆ పైపును ఒళ్లో పెట్టుకుని గర్వంగా కూర్చున్నాను.

ఆదివారం పొద్దున ఒక కొస ఎక్కించి క్లాంపు బిగించాను. రెండో కొస గొట్టం దాకా పోలేదు. లాగాను. పోలేదు. మొత్తం విప్పి మళ్లీ కొలిచాను. ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు. పాతదీ కొలిచాను. అదీ అంతే.

"లెక్క సరిగ్గానే ఉండాది," అన్నాను.

"అయితే కారే పెరిగిందేమో," అంది మా ఆవిడ. వంగి, పేపరు మీది రబ్బరు ముక్కలు రెండు ఎత్తింది. "ఇవి ఎవరివి?"

నేను టేపు కోసం జేబు తడుముకున్నాను.

"గొట్టం మీద ఎక్కి కూర్చునేదానికి యాడ వదిలినావు? మా అవ్వ ఉండింటే నీ వేళ్ల మీద కొట్టి ఉండు. పోగుకు పోగు అతకాలంటే రెండు కొసల్లోనూ ముడికి వదలాల. ఎనిమిదేండ్ల పిల్లకు తెలుస్తాదయ్యా ఈ మాట!"

ఆ ముక్కలు కొలిచాను. ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్లు. ఆరు సెంటీమీటర్ల రబ్బరును చెత్తలో కలిపి, పాయింట్ ఏడును మాత్రం భద్రంగా పెనుకొండ దాకా మోసుకుపోయాను.

పెనుకొండ షాపుకు ఫోను చేస్తే ఆదివారం సెలవన్నాడు. నా మొహం చూసి ఆమె పాత పైపును చేతిలోకి తీసుకుంది. తర్వాత అంది, "పోగు తెగితే వార్పంతా పారేస్తామా? నడాన ఇంకో ముక్క అతుకుతాం. మిద్దె మీద చెట్లకు మందు కొట్టే పాత పంపు ఉండాది కదా, దాని పైపును కలిపే ఇత్తడి గొట్టం తీసుకరాపో."

తెచ్చాను. రబ్బరులోకి సరిగ్గా బిగువుగా దూరింది. ఆమె పాత పైపులో చీలిక లేని చోట ఒక ముక్క కోసింది.

"ఎంత కోస్తాండావు?" అని టేపు తీశాను.

"నాలుగు వేళ్లు."

ఎవరి వేళ్లు అని అడగబోయి ఆగాను. కొత్త పైపు, ఇత్తడి గొట్టం, పాత ముక్క. పెనుకొండలో పైపుతో పాటు కొన్న కొత్త క్లాంపులు రెండు, పాతవి రెండు. అన్నీ నేనే బిగించాను, ఆమె పట్టుకుంది. ఈసారి కొస గొట్టం మీద ఎక్కి కూర్చుంది.

ఆయిలు పోసి, ముందు చక్రాలను జాకీ మీద లేపాను. లోపలి గాలి పోవాలంటే స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి మళ్లీ మళ్లీ తిప్పాలి. ఆమె సీట్లో కూర్చుంది. నేను డబ్బాలోకి చూస్తూ "ఒకటి..." అన్నాను. కిటికీలోంచి ఒక చూపు వచ్చింది. నోరు మూసుకున్నాను. బుడగలు నురగలా లేచి, తగ్గి, ఆగిపోయాయి. ఆమె ఎన్నిసార్లు తిప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా జీవితంలో తెలియని లెక్క అదొక్కటే.

సోమవారం ఆమె షరతు ఒకటే: నేను గేటు బయట ఉండాలి. గోడ పక్క నిలబడి చూశాను. కారు మొదటి సున్నా చుట్టింది. రెండో సున్నాలోకి తిరిగేటప్పుడు నా చేతులు గాల్లో ఒకటింబావు తిరిగాయి. పక్కన టీ తాగుతున్నాయన గ్లాసు పట్టుకుని దూరం జరిగాడు. కంబాలన్నీ నిలబడే ఉన్నాయి.

కారు బయటికి రాగానే ఇస్త్రీ చొక్కాతోనే కిందికి దూరాను. రెండు నిమిషాలు చూశాను. ఒక్క చుక్క లేదు.

"పాసైనానా అని అడగవా?" అంది పైనుంచి.

"పాసైనావా?"

"పెదాలు కదపలేదు. దానంతట అదే తిరిగినాది. పాసైనాను."

మరుసటి ఆదివారం ధర్మవరం నుంచి ఫోను వచ్చింది. ఆమె నడిపింది. నేను పక్క సీట్లో, కొత్త షరతు మీద. ధర్మవరం చేరేదాకా నా నోటి నుంచి ఒక్క అంకె రాకూడదు. పెనుకొండలో ఆమె కారు ఆపింది గాలి కోసం కాదు, అతుకు లేని కొత్త పైపు కోసం. స్పేరు పార్టుల షాపాయన ఆదివారమైనా ఆ రోజు షాపు తెరిచి, బయటే నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, ఈసారి పాయింట్ ఎంత?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, మోచేయి నుంచి వేలి కొస దాకా చూపించింది. "మూరెడు కొయ్యన్నా. ముడికి ఇంకో జానెడు ఎక్కువెయ్యి."

ఆయన తన చేతితోనే కొలిచి కోశాడు. టేపు నా జేబులోనే ఉంది. తియ్యలేదు.

పెనుకొండ దాటాక మేము ఒక బస్సును దాటాం. కాసేపటికి ఇంకోదాన్ని. ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో బస్సులోళ్లకు టాటా చెప్పింది. మీటరులో ముల్లు ఎక్కడుందో నేను చూశాను. ఎంత మీద ఉందో ఇక్కడ కూడా రాయను. షరతు షరతే.