షిప్పు మావ పొగగంట

నేను పలాసలో లెక్కల మాస్టారుగా చేరిన ఆ రోజుల్లో, అద్దె ఇల్లంటే నీళ్లొస్తాయా, కరెంటు ఉంటుందా అని అడిగేవాళ్లమే గానీ, ఇల్లు అంటుకుంటే ఎవరేం చెయ్యాలని అడిగిన మనిషిని నేనైతే చూడలేదు. నన్నా ప్రశ్న మా ఇంటాయనే అడిగాడు. ఆయనది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. సగం జీవితం ఓడల్లో వంట చేసి వచ్చినవాడు కాబట్టి వీధంతా షిప్పు మావ అనేది. ఏ రేవులో కొన్నాడో గానీ, తెల్లటి గుండ్రటి డబ్బా ఒకటి తెచ్చి నా వాటా నడిమింట్లో పైకప్పుకు బిగించాడు. పొగ తగిలితే చాలు, గొంతు చించుకునేది. "ఎట్టడం, బేటరీ ఎయ్యడం నా వంతు. వారం వారం మీట నొక్కి సూడ్డం నీ వంతు. మోగిందంటే అందరూ వీధిలోకి. నడవలేనోలుంటే ఎత్తుకు రావడం కూడా నీ వంతే. దాని నోరు నొక్కడం మాత్రం ఎవలి వంతూ కాదు మేస్టారూ" అన్నాడు, తాళం చేతిలో పెడుతూ.

నవ్వుకున్నాను. (లోపలే. పైకి నవ్వితే తాళం వెనక్కి తీసుకునే రకం.) పోపులో మిరపకాయ మాడినా, జీడిపిక్కలు కాల్చే పొగ గాలివాటున ఇటు తిరిగినా ఆ డబ్బా మోగేది. నేను సగం గీసిన గెడ్డంతో వీధిలో నిలబడేవాణ్ణి. "ఇయాల ఏటి మాడింది మేస్టారూ?" అని ఎదురింటివాళ్లు కుశలమడిగినట్టే అడిగేవారు. ఎన్నిసార్లు ఉత్తుత్తిదైనా మావ మాత్రం ఒక్కసారీ విసుక్కోలేదు. లుంగీ ఎగ్గట్టి పరుగున వచ్చి ముందు మనిషిని చూసేవాడు, తర్వాతే పొయ్యి. ఎందుకింత పట్టుదలని ఓసారి అడిగాను. "ఓడలో మంటొస్తే దిగడానికి వీధుండదు బాబూ. మనకుంది. ఉన్న వీధిలోకి రావడానికి సిగ్గెందుకు?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఇలా ఉండగా మందస నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయిని చూసి వచ్చాను. ఈ సంబంధం తప్పిపోతే ఏమైపోతానో అన్నంతగా నచ్చింది. కుర్రాడు ఉండే తీరు చూద్దామని ఆమె తండ్రి, మోకాళ్ల నొప్పుల నాయనమ్మ ఓ ఆదివారం బస్సు దిగారు. మర్యాదకని జీడిపప్పు దండిగా వేసి ఉప్మా మొదలెట్టి, నా పాఠాల గొప్పలు చెప్పడంలో పడి మూకుడు మరిచిపోయాను. డబ్బా మరవలేదు.

షిప్పు మావ గుమ్మంలోకొచ్చి "అందరూ బయటికి రండి!" అని కేకేశాడు. "ఉప్మా మాడితే వీధిలోకి ఈడుత్తారేటి?" అని పిల్ల తండ్రి గయ్యిమన్నాడు. "మాడిందో అంటుకుందో బయట నిలబడి తేల్సుకుందాం బావా" అంటూ మావ ఆయన్ని రెక్క పట్టుకుని నడిపించాడు. నేను పొయ్యి వైపు ఓ అడుగు వేసి, కుర్చీలోంచి లేవలేక అవస్థపడుతున్న ముసలమ్మను చూశాను. నా వంతు గుర్తొచ్చింది. రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి వచ్చాను. వీధి వీధంతా చూసింది. సంబంధం కూడా ఉప్మాతో పాటే మాడిపోయిందనుకున్నాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. (పొగ వల్లేనని చాన్నాళ్లు చెప్పుకున్నాను.)

లోపలికెళ్లిన మావ నల్లటి మూకుడు పట్టుకొచ్చి "ఉప్మా ఒకటే పోయింది. మనుసులంతా ఉన్నారు" అన్నాడు. ముసలమ్మ ఇంకా నా చేతుల్లోనే ఉంది. కొడుకు వైపు తిరిగి, "నా పెళ్లిలో కూడా నన్నెవులూ ఇలా ఎత్తలేదురా! ఈ గుంటడు ఉప్మానొగ్గేసినాడు గానీ నన్నొగ్గలేదు. మన పిల్లకి సాలు" అంది. అప్పుడు గానీ దించమనలేదు.

ఇప్పుడు షిప్పు మావా లేడు, నాయనమ్మా లేదు. మా మేడ మీది వాటా ఈమధ్యే ఒక కుర్రాడికి అద్దెకిచ్చాను. పైకప్పు డబ్బా చూపించి మావ మాటలే అప్పజెప్పాను గానీ, ఆ దర్జా నాకెక్కడిది! కుర్రాడు నా కుంటి నడక కేసి చూసి, "అయితే మోగినప్పుడు మిమ్మల్ని ఎత్తుకు రావడం నా వంతేనా అంకుల్? కాస్త బరువు తగ్గండి మరి" అన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆవిడ వాడికి సంబంధాలు వెతుకుతోంది.