పగిలిన పలకల పాట

మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి వాన మొదలైంది. పెరటి గోడ కింది పలకల మీద చినుకులు పడుతుంటే ఒకటి ఖంగుమంది, ఇంకొకటి బొంగురుగా మూలిగింది. టైము చూసుకోవడం నాకు మొదటినుంచీ ఉన్న అలవాటు. పని వదిలి వింటూ నిలబడటం మాత్రం దానియేలు అంటించి పోయినది.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు నాది ఏరే పని. రాతి పలకను వేలి కణుపుతో కొట్టి, మోగితే కుడివైపు, మోగకపోతే ఎడమవైపు పెట్టాలి. కంటికి కనబడని బీట చెవికి తెలుస్తుంది. ఎడమవైపువి పారబోసేవాళ్లు. బురద కాకుండా ఉంటుందని కొన్ని తెచ్చి గోడ కింద పేర్చుకున్నాను.

దానియేలు కొనకనమిట్ల దగ్గర కూలి కుటుంబంలో పుట్టినవాడు. నా దగ్గరికి వచ్చేనాటికి ఇరవై రెండేళ్లు. చర్చిలో డోలక్, పెళ్లిళ్లలో డ్రమ్ములు వాయించేవాడు, సొంతంగా పాటలు కట్టేవాడు. మూడేళ్ల కిందట బండి ఆపి నేరుగా పెరట్లోకి వచ్చాడు.

"పెద్దమ్మా, పలకలు ఏరేది నువ్వేనంట గదా? చెడిపోయినవి కావాల."

"చెడిపోయినవా? దేనికి?"

"పాటకి."

"పాటకైతే మంచివే ఇస్తా, ఉండు."

"మంచివన్నీ ఒకటే గొంతు పెద్దమ్మా, యూనిఫారం ఏసుకున్నట్టు. ఇవి చూడు, ఒక్కోటి ఒక్కో మనిషి."

నేను పనికిరావని తీసేసినవాటినే వాడు ముద్దుగా తడుముతుంటే కోపగించుకోవాలో నవ్వాలో తెలియలేదు. హైదరాబాదులో ఎవరో చిన్న సినిమా తీస్తున్నారట. ఆదివారంలోగా సంగీతం పంపాలి. నచ్చితే తన దగ్గరే పని ఇస్తానన్నాడట ఆ దర్శకుడు. నచ్చకపోతే మళ్లీ పెళ్లి డ్రమ్ములే.

శనివారం నా దండేనికి పలకలన్నీ వేలాడదీశాడు. పక్కింటి మరియమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. "ఏందిరా, పలకలు ఉతికి ఆరేసినావా? ఎండితే మడతపెట్టుకో!"

వాడు ఫోను స్టూలు మీద నిలబెట్టి, ఏరేటప్పుడు ఎట్లా కొడతానో అట్లాగే కొట్టమన్నాడు. కొట్టాను. వాడు పుల్లలతో జత కలిపాడు. మధ్యలో చటుక్కున ఆపేశాడు.

"కొట్టినాక రవ్వంత ఆగుతుండావే, అక్కడ ఏం చేస్తుండావు?"

"ఏం చేస్తా? వింటుండా."

"అదే! అదే నా పాటలో లేంది!"

ఇన్నేళ్లలో అది ఎవరూ పట్టించుకోలేదు. ఆగుతానని నాకే తెలియదు. వాడు ఆ ఆగడం కోసం పాటంతా మళ్లీ కట్టాడు. చివరిసారి వాయిస్తుంటే అన్నిటికంటే బొంగురు గొంతున్న పెద్ద పలక రెండుగా చీలి కింద పడింది. ఆ చప్పుడును కూడా పాటలో ఉంచేశాడు.

బుధవారం ఫోను చేశాడు. వరస నచ్చిందట, పలకలు వద్దన్నారట. పలకల చోట కంప్యూటరు చప్పుడు పెట్టాలి. ఒప్పుకుంటే వెంటనే రమ్మన్నారట.

"ఏం చేయమంటావు పెద్దమ్మా?"

ఒక్క దెబ్బకు కుడో ఎడమో తేల్చే నాకు ఇది ఎటు పెట్టాలో తేలలేదు.

"నాకు తెలీదు నాయనా," అన్నాను ఎప్పటికో.

"విన్నావులే, చాలు," అని నవ్వాడు. ఆ వారమే వెళ్లిపోయాడు.

మొన్న మరియమ్మ కూతురు ఆ సినిమా ఫోనులో చూపించింది. వరస అదే, చప్పుడు వేరే. ఒక చోట మాత్రం పాట రవ్వంత ఆగింది. ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నెట్టు ఆగినట్టుంది అత్తా," అంది ఆ పిల్ల.

మళ్లీ వేయించాను. అక్కడే ఆగింది. మూడోసారి ఆగలేదు. వాడికి ఫోను చేసి అడగవచ్చు. ఏ జవాబు వినాలని ఉందో తేలక చేయలేదు.

లెక్క చూసుకుంటే పోయినవి ఇవి: పెద్ద పలక ఒకటి. ఆ బరువుకు సాగిపోయిన దండెం తాడు ఒకటి. ఎడమవైపు పెట్టినవన్నీ పనికిరానివేనన్న నమ్మకం, మొత్తం.