మట్టెవాడ లైబ్రరీలో తాళం వేసిన బీరువా

ఎమర్జెన్సీ ముగిసిన రెండు మూడేళ్లకు, మట్టెవాడలోని ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో నాకు లైబ్రేరియన్ ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. మా అత్తగారు చుట్టాలతో "మా కోడలు పేపర్ల ఆఫీసుల పనిచేస్తాంది" అని చెప్పేది. తెలియక అంటోందేమో అనుకున్నాను. ఒకరోజు స్వయంగా వచ్చి, నా కుర్చీ పక్కన చాలాసేపు కూర్చుని, అంతా చూసి వెళ్లాక కూడా అదే మాట అన్నది. చూసినవాళ్లు ఎవరైనా అదే అంటారు.

అదొక పాత పెంకుటిల్లు. పొడుగాటి గది, ముందు వరండా. గది నడుమ ఒక పెద్ద బల్ల. తలుపులు తీయగానే ఆ బల్ల చుట్టూ మగవాళ్లు చేరేవారు. నౌకరీ నుంచి దిగిపోయినవాళ్లు, దుకాణం కొడుకులకు అప్పగించినవాళ్లు, దుకాణం ఉన్నా బేరం లేనివాళ్లు. అందరికీ కావలసింది పేపరు. గోడల వెంట షెల్ఫుల నిండా పుస్తకాలున్న సంగతి వాళ్లకు తెలుసు. వీపు ఆనించడానికి అవి బాగుండేవి.

ఆ బల్లకు పెద్ద ఒక రిటైరైన లెక్కల పంతులు. పేపరు ముందు ఆయన చేతికే రావాలి. మొదటి పేజీ చదువుతున్నంతసేపూ మిగిలిన పేజీలను తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు. అవతల సినిమా పేజీ కోసమో బంగారం ధర కోసమో ఎదురుచూసేవాళ్లు దగ్గినా, కుర్చీ జరిపినా ఆయనకు వినపడేది కాదు.

"ఒక పుస్తకం తీసుకుపోండి సార్" అని నేను అడగని వారం లేదు.

"సదవాల్సినయన్నీ నౌకరీలనే సదివిన బిడ్డా. ఇగ లోకం సంగతి తెలిస్తే చాలు" అనేవారు.

గ్రంథాలయ వారోత్సవాలప్పుడు రంగు కాగితాలు కట్టాం, కొత్త పుస్తకాలను బల్ల మీద వరసగా పేర్చాం, కాలేజీ నుంచి ఒక లెక్చరర్‌ను పిలిచి పుస్తకాల గొప్పతనం గురించి ఉపన్యాసం ఇప్పించాం. అందరూ చాయ్ తాగి, బిస్కెట్లు తిని, చప్పట్లు కొట్టారు. పుస్తకాలను పక్కకు నెట్టి ఆ జాగాలో మళ్లీ పేపరు పరుచుకున్నారు.

అసలు సంగతి ఒక పిల్లి వల్ల మొదలైంది. మా అటెండరుకు మా నాయన వయసుంటుంది. రోజూ మడికొండ నుంచి బస్సులో వచ్చేవాడు. మధ్యాహ్నం తినడానికి తెచ్చుకునే ఆయన సద్ది డబ్బాను ఆ వాడకట్టు పిల్లి రెండుసార్లు దొర్లించింది. మూలన ఒక ఇనుప బీరువా ఉండేది, తలుపులకు దుమ్ము పట్టిన అద్దాలు. పైఆఫీసు నుంచి అడగకుండానే వచ్చిపడ్డ పుస్తకాలన్నీ అందులో ఉండేవి. బావుల తవ్వకం, కోళ్ల పెంపకం, పశువుల జబ్బులు, బాలింతల సంరక్షణ, మట్టి పరీక్ష. వాటిని ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు. అటెండరు తన సద్దిని ఆ పుస్తకాల వెనక పెట్టి, బీరువాకు తాళం వేశాడు.

రెండు రోజులకు పంతులు గారి కన్ను ఆ తాళం మీద పడింది.

"ఏందమ్మా, బీరువకు తాళమేసిండ్రు?"

పిల్లి సంగతి చెబితే అయిపోయేది. కాని అప్పుడే నేను బల్ల దగ్గర ఒక కొట్లాట తీర్చి వచ్చాను. ఇద్దరు పెద్దమనుషులు ఆటల పేజీని చెరో వైపు గుంజి నడుమకు చింపారు. ఆ చిరాకులో నా నోట ఇంకో మాట వచ్చింది.

"అవి అందరికీ ఇచ్చేటియి కావు సార్" అన్నాను, గొంతు కాస్త తగ్గించి.

ఆయన నన్ను చూశారు, బీరువాను చూశారు, మళ్లీ నన్ను చూశారు.

"అంటే?"

"అంటే అంతే సార్."

ఆయన తొడ కింది పేజీలు జారి నేల మీద పడ్డాయి. ఆయన గమనించలేదు. పక్కాయన గమనించి చటుక్కున అందుకున్నాడు.

ఆ సాయంత్రం బల్ల ఖాళీ అయ్యాక నేను ఆ పుస్తకాలన్నింటికీ దళసరి గోధుమరంగు కాగితంతో అట్టలు వేయడం మొదలుపెట్టాను. పేర్లు బయటికి కనిపించకుండా వీపు మీద అంకెలు మాత్రం వేశాను. అటెండరు కాగితం కత్తిరించి ఇస్తూ అడిగాడు.

"గివి కోళ్ల పుస్తకాలు గద మేడమ్. వీటికి అట్టలెందుకు?"

"చినిగిపోతాయని."

"ఎవలన్న ముడితె గద చినిగేది."

మర్నాడు బీరువా మీద ఒక కాగితం అంటించాను. ఈ పుస్తకాలు లైబ్రేరియన్ అనుమతి లేనిదే ఇవ్వబడవు, అంతే. ఆ కాగితాన్ని బల్ల దగ్గరున్నవాళ్లంతా లేచి వచ్చి చదివారు. ఆ లైబ్రరీలో పేపరు కాకుండా అంతమంది కలిసి ఏదైనా చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి పంతులు గారు నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"ముప్పై ఏండ్లు పంతులు పని జేసిన. నాకు సుత అనుమతి గావాల్నా?"

"మీకు ఇవ్వొచ్చు సార్. కాని ముందు బయటి షెల్ఫుల నుంచి ఒక పుస్తకం చదివి, దాంట్ల ఏమున్నదో నాకు చెప్పాలి. చదివే అలవాటున్నోళ్లకే ఇయ్యాలని రూలు."

అట్లాంటి రూలు ఎక్కడా లేదు. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. అయినా లోపల ఏముందో తెలుసుకోవాలన్న కోరిక ఎక్కువై, షెల్ఫుల్లో అన్నిటికన్నా పలచటి పుస్తకం ఏరుకున్నారు. పిల్లల కథల పుస్తకం. మర్నాడు వచ్చి, క్లాసులో పాఠం చెప్పినట్టు నిలబడి, ఒక ముసలమ్మ, ఆమె మేక ఉన్న కథ చెప్పారు.

"మంచిగ చెప్పిండ్రు. మరి ఆ ముసలమ్మ సంతకు పోయి కూడా మేకను ఎందుకు అమ్మలేదు సార్?"

"అమ్మలేదా?"

బల్ల దగ్గర ఎవరో నవ్వారు. పంతులు గారు పుస్తకం తీసుకుని వరండాలోకి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చదివారు. ఆ పూట పేపరు ఆయన చేతికి వెళ్లలేదు. ఈసారి మేక సంగతే కాదు, సంతలో ముసలమ్మతో బేరమాడినవాళ్ల మాటలు కూడా గొంతు మార్చి చెప్పారు. ఇక ఇవ్వక తప్పలేదు. బీరువా తెరిచి, సద్ది డబ్బా కనిపించకుండా అడ్డంగా నిలబడి, కావాలనే 'బాలింతల సంరక్షణ' తీసి చేతిలో పెట్టాను. పుస్తకాన్ని కండువాలో చుట్టుకుని, చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ వెళ్లారు.

ఆయన భార్య కాలం చేసి చాలా ఏళ్లయింది. మనుమలు కూడా పెద్దవాళ్లయ్యారు. కోపంతో వచ్చి పుస్తకం నా ముందు పడేస్తారేమోనని వారమంతా ఎదురుచూశాను. ఆయన నిదానంగా వచ్చి, అట్ట చెదరకుండా బల్ల మీద పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లు పేపర్లు దించారు.

"ఎట్లున్నది పంతులూ?"

పంతులు గారు నా వైపు ఒక్కసారి చూశారు. తర్వాత మీసం కింద చిన్నగా నవ్వి అన్నారు.

"చెప్పేది గాదు. సదివితెనే తెలుస్తది."

తాను మోసపోయానని ఒప్పుకోవడం కన్నా మిగతావాళ్లు కూడా మోసపోవడం ఆయనకు నచ్చింది. అప్పటి నుంచి బీరువా పుస్తకం తీసుకున్న ప్రతివాడూ ఆ దారే పట్టాడు. బావుల తవ్వకం చదివినాయన తల ఊపి ఊరుకున్నాడు. పశువుల జబ్బులు చదివినాయన "మొదట్ల గంత లేదు గాని, నడుమ సూడాలె" అన్నాడు. బీరువా దాకా రావాలంటే ముందు బయటి పుస్తకం చదవాలి కనుక, షెల్ఫుల్లో వీపులు ఆనే చోట్ల ఖాళీలు పడ్డాయి. ఒకరోజు బల్ల దగ్గర ఎవరో తన బిడ్డ కాన్పుకు వచ్చిందని చెబితే, పంతులు గారు ఏ కూరలు పెట్టాలో, పసిపిల్లకు ఏ పూట నీళ్లు పోయాలో పేపరు లోంచి తలెత్తకుండానే చెప్పారు.

"గివన్నీ నీకెట్ల తెలుసు పంతులూ?"

"లోకజ్ఞానం" అన్నారాయన.

ఇత్తడి సామాన్ల దుకాణం సేటుకు ఈ సంగతి తెలిసింది. చదవడానికి ఆయనకు తీరికా లేదు, ఓపికా లేదు. అయినా ఒక నవల తీసుకెళ్లి, నాలుగో రోజుకే వచ్చి నా ముందు కూర్చుని కథంతా చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. ముగింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు అనుమానం వచ్చింది.

"ఆఖరికి ఆ పిల్ల వంట బందువెట్టి తల్లిగారింటికి పోయింది మేడమ్. మొగడు పోయి తప్పయిందని బతిమిలాడితే గప్పుడు వొచ్చింది."

"నవలలో అట్ల లేదు సేటూ. ఆమె ఎటూ పోలేదు."

"లేదా? మరి మా ఇంట్ల గట్లనే చెప్పింది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నవల చదివింది ఆయన భార్య. రోజూ భోజనం దగ్గర కొంత కొంత చెప్పింది. ఆయన విని వచ్చి నాకు అప్పజెప్పాడు. ముగింపు ఆమె సొంతం.

"చదివినోళ్లకే పుస్తకం. ఆమెను పంపుండ్రి" అన్నాను.

"ఆడోళ్లు ఈడికొస్తరా మేడమ్?"

"నేను రోజూ వస్తలేనా?"

రెండు రోజులు ఆలోచించుకుని పంపాడు. బల్ల ఖాళీగా ఉండే మధ్యాహ్నపు ఎండపొద్దున, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ముప్పై దాటిన ఒకావిడ గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నాను. కథ ముగింపు ఎందుకు మార్చారని అడిగితే, "నాకు గట్లయితె బాగుండనిపించింది" అన్నది. బీరువా తీసి ఒక పుస్తకం ఇచ్చాను. మిగతావాళ్లలా దాచుకుని వెళ్లలేదు. అక్కడే నిలబడి అట్ట తెరిచి మొదటి పేజీ చదివింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీదికి వంగిపోయి నవ్వింది. ఏమైందోనని అటెండరు వరండాలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"కోళ్ల పెంపకమా మేడమ్? మా ఇంట్ల గుడ్డు అన్న మాట సుత అనరు. దీనికోసమా మా ఆయన దుకాణం ఇడిసిపెట్టి తిరుగుతాండు?"

నేను ఏమీ దాచలేదు. పిల్లి దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, పుస్తకం మూసి, అట్ట సరిచేసింది.

"ఎవలకు చెప్ప. ఇది నేను తీస్కపోత. ఏమున్నదని ఆయన అడిగితే ఆడోళ్లు చెప్పేది గాదని అంట. జర గా నవలలు సుత రెండియ్యుండ్రి."

ఇట్లా నెలలు గడిచాయి. మేం చేసిన పాపం పైఆఫీసుకు ఎట్లా చేరిందో తెలియదు. మట్టెవాడ లైబ్రరీలో అసొంటి పుస్తకాలు పెట్టి రహస్యంగా ఇస్తున్నారని ఎవరో అక్కడ చెప్పారట. ఒకరోజు పొద్దున్నే అధికారి జీపులో దిగారు. బల్ల నిండా జనం. ఆయన ఎవరినీ పలకరించకుండా నేరుగా బీరువా దగ్గరికి వెళ్లి, తాళం తీయమన్నారు.

అటెండరు తాళం తీశాడు. అధికారి ఒక పుస్తకం లాగి అట్ట విప్పారు. మట్టి పరీక్ష. ఇంకోటి విప్పారు. బావుల తవ్వకం. మూడోదాని కోసం లోపలికి చేయి పెడితే సద్ది డబ్బా తగిలింది. మామిడికాయ తొక్కు వాసన గదంతా వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి బల్ల వైపు చూశారు. పంతులు గారు పైకప్పు వైపు చూస్తున్నారు. పశువుల జబ్బులు చదివినాయన, బావులు చదివినాయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు తామొక్కరే మోసపోయామని అంతవరకు అనుకున్నారు.

"దీంట్లో రహస్యమేముంది? తాళమెందుకు?" అని అడిగారు అధికారి.

"తాళం వేయకముందు వీటిని ఒక్కరూ అడగలేదు సార్" అన్నాను.

"ఆ షెల్ఫులేంటి ఖాళీగా ఉన్నాయి? పుస్తకాలేమయ్యాయి?"

"ఇండ్లల్ల ఉన్నయి సార్. సదువుతాండ్రు" అన్నాడు అటెండరు.

అధికారి ఆ ఖాళీలను కాసేపు చూశారు. కాగితం చింపేయమన్నారు, తాళం తీసేయమన్నారు, ఇట్లాంటివి మళ్లీ చేస్తే మెమో ఇస్తానన్నారు. అన్నీ అందరికీ వినపడేటట్టే అన్నారు. జీపు దాకా సాగనంపడానికి వెళ్తే, ఎక్కబోయి ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"మా ఆఫీసులో సర్క్యులర్ల బీరువా ఒకటుందమ్మా. స్టాఫ్ ఒక్కరూ చదవరు. తాళం వేస్తే పనిచేస్తుందంటావా?"

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. "అట్టలు కూడా వేయాలి సార్" అన్నాను.

తాళం పోయాక ఆ పుస్తకాలను మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. అటెండరు సద్దిని నా టేబుల్ సొరుగులోకి మార్చుకున్నాడు. గుట్టు నలుగురిలో బయటపడిందని పంతులు గారు నాతో మాట్లాడటం మానేశారు కాని, లైబ్రరీకి రావడం మానలేదు. నవల పూర్తిచేసి తెచ్చి, నా ముందు పెట్టి, ఒక్క మాట లేకుండా ఇంకోటి తీసుకుని వెళ్లేవారు. మేక గురించి నేను అడిగినట్టు మళ్లీ ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని, ప్రతి పుస్తకం క్షుణ్ణంగా చదివేవారట. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి "మంచిగుండు బిడ్డా" అనడంతో ఆ కోపం పోయింది.

ఎండపొద్దున వచ్చే సేటు భార్య తన వెంట తోడికోడలిని తెచ్చింది, తర్వాత పక్కింటావిడను. మగవాళ్లు అన్నాలు తిని కునుకు తీసే ఆ వేళ, గదిలో గాజుల చప్పుడు వినిపించేది. ఒకరోజు సేటు ఒక్కడే వచ్చాడు. నా ముందు కూర్చుని పేపర్‌వెయిట్ తిప్పసాగాడు.

"ఏమైంది సేటూ?"

"ఇప్పుడామె చెప్తలేదు మేడమ్. అన్నం వెట్టి, పక్కకు కూసోని తనే సదువుకుంటాంది. అడిగితే, నువ్వే సదువుకోరాదు అంటాంది. నాకు ముద్ద దిగుతలేదు."

"అయితే ఏం చేద్దాం?"

"ఆమె సదవనిది ఒకటి ఇయ్యుండ్రి. నేనే సదివి రోజింత చెప్త. గప్పుడన్న నా దిక్కు సూస్తది."

నేను లేచి షెల్ఫులన్నీ వెతికాను. ఆమె చదవని నవల మా లైబ్రరీలో ఒక్కటీ మిగల్లేదు. ఆ మాట ఆయనతో ఎట్లా అనను? ఆమె ఎప్పుడో చదివి ఇచ్చిన ఒకదాన్ని తీసి, ఇది కొత్తదని చెప్పి ఇచ్చాను. ఆయన సంతోషంగా తీసుకెళ్లాడు.

వారం తర్వాత ఆమె వచ్చినప్పుడు అడిగాను, ఇంట్లో కథ ఎంతదాకా వచ్చిందని.

"సగం దాక వొచ్చింది మేడమ్. పేర్లన్నీ తారుమారు జేస్తాండు. నేను ఊ కొడుతాన" అన్నది. తన పుస్తకం తీసుకుని, తోడికోడలి పక్కన పోయి కూర్చుంది.