అట్టపెట్టె వెనక అంకె

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు కళ్ళు ఉబ్బిపోయి నిద్ర లేచింది. దోమేదో కుట్టుంటుందనుకున్నాను. నాలుగు రోజులకి కాళ్ళు కూడా ఉబ్బాయి. వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. శ్రీకాకుళంలో పిల్లల డాక్టరుకి చూపించాం. మూత్రపిండాల్లోంచి ప్రోటీన్ కారిపోతోందన్నారు. చాలామంది పిల్లలకి నయమవుతుంది గానీ పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంటుంది అని కూడా అన్నారు. స్టిరాయిడ్ మాత్రలు రాసిచ్చి, వాపు పూర్తిగా తీసేదాకా రోజు మొత్తానికి రెండు గ్రాముల ఉప్పు దాటకూడదని గట్టిగా చెప్పారు.

మేం ఆమదాలవలసలో స్టేషన్‌కి దగ్గర్లో ఉంటాం. నేను ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి లెక్కలు చెప్తాను. మా ఆయన లారీ మీద వెళ్తే పదిహేను రోజులకి గానీ ఇంటి మొహం చూడరు. అమ్మ పోయాక మా నాన్న మా దగ్గరే ఉంటున్నారు. ఆయన నౌపడ ఉప్పుమడుల్లో ముప్పై ఏళ్ళు పనిచేశారు. చదువుకోలేదు.

ఆ మాత్రలు వేసుకుంటే పిల్లకి ఆకలి ఆగేది కాదు. తిన్న గంటకే మళ్ళీ ఆకలనేది. పెడితే మాత్రం ఉప్పులేని పప్పూ ఉప్పులేని చారూ నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. ఆకలితో ఏడ్చేది, కంచం చూసి ఏడ్చేది. నిమ్మకాయ పిండాను, మిరియాలు వేశాను, వెల్లుల్లి వేయించి వేశాను. ఏదీ దిగలేదు. నాన్న మాత్రం పక్కన కూర్చుని, తనూ ఉప్పులేని ఆ కూడే తినేవారు. బాగానే ఉన్నాదే తల్లీ అని ఒక్కో ముద్దా మింగి చూపించేవారు.

పిల్ల ఫోన్‌లో ఏదో వంట వీడియో చూసి చీజ్ మాకరోనీ కావాలంది. వారం రోజులు అదే పాట. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ స్టేషన్ రోడ్డులో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను. అక్కడ దొరికింది. అట్టపెట్టెలో మాకరోనీ, దాంతోపాటు ఒక చిన్న పొట్లంలో చీజ్ పొడి. చిప్స్ పొట్లమైతే చూడకుండానే వద్దనేదాన్ని. దీన్ని మాత్రం తిప్పి వెనక రాసింది చదివాను. ప్రోటీన్ ఉంది, కాల్షియం ఉంది. సోడియం ఆరువందల మిల్లీగ్రాములు. వెయ్యి మిల్లీగ్రాములు ఒక గ్రాము కదా. అంటే గ్రాము కూడా లేదు, మిగతా పూటలు ఉప్పే వెయ్యం కాబట్టి పర్వాలేదనుకున్నాను. మూడు పెట్టెలు కొన్నాను.

ఆ రోజు పిల్ల పెట్టెడూ తినేసింది. గిన్నె అడుగు కూడా వేలితో నాకింది. ఇరవై రోజుల తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను. మర్నాడూ వండాను. మూడో రోజూ వండాను. ఆ మూడో రోజు పిల్ల బతిమాలితే నాన్న ఒక చెంచా నోట్లో వేసుకున్నారు. కాసేపు నాలుక ఆడించి, చెంచా కింద పెట్టేశారు.

"ఒసే, ఇది ఉప్పుగా ఉన్నాదే."

అది చీజ్ రుచి నాన్నా, అన్నాను. పెట్టె తెచ్చి ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాను. రెండు గ్రాముల దాకా పెట్టొచ్చు, ఇందులో ఒక్క గ్రాము కూడా లేదు అని విడమరిచి చెప్పాను. ఆయన ఆ అక్షరాల వైపు చూసి తల ఊపారు.

ఆ మూడు రోజులూ పిల్ల నీళ్ళు తెగ తాగింది. నేను అదీ మంచికే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న దాని కళ్ళు ఉబ్బిపోయి తెరుచుకోలేదు. పొట్ట డోలులా బిగుసుకుంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఒంటికి వెళ్ళలేదట, నాకు చెప్పలేదు. పడుకోబెడితే ఊపిరి అందక లేచి కూర్చుంటోంది. ఆటో మాట్లాడుకుని శ్రీకాకుళం వెళ్ళాం. దారంతా పిల్ల వాళ్ళ తాత భుజం మీద తల వాల్చి నోటితో గాలి పీల్చుకుంటూనే ఉంది.

ఆస్పత్రిలో చేర్చుకుని, సూది గుచ్చి, ఏం తిన్నదో చెప్పమన్నారు. నేను సంచిలోంచి ఖాళీ పెట్టె తీశాను. చూసే పెట్టానని చెప్పుకోవడానికే వెంట తెచ్చాను. డాక్టరమ్మ చిన్న వయసావిడ. పెట్టె తిప్పి చదివి, కాగితం మీద లెక్క వేసి నా ముందు పెట్టింది.

"ఇది సోడియమమ్మా, ఉప్పు కాదు. ఉప్పు ఎంతో తెలియాలంటే దీన్ని రెండున్నరతో హెచ్చవెయ్యాలి. అదీ ఒక్క సెర్వింగుకి, అంటే ఒకసారి తినే వంతుకి. ఈ పెట్టెలో రెండున్నర సెర్వింగులున్నాయని పైన రాశారు చూడండి."

చూశాను. సన్న అక్షరాలు. దాదాపు నాలుగు గ్రాములు. రోజుకి రెండు దాటకూడదన్న పిల్లకి, మూడు రోజుల పాటు, నా చేత్తో. హెచ్చవేతలు తప్పు చేశారని నేను పిల్లల్ని బెంచీ ఎక్కించే రకాన్ని.

జబ్బు తెచ్చింది మీరు కాదు, ఒంట్లో నీరు పట్టడానికి ఉప్పు తోడైంది అందావిడ. ఆ తేడా నా బుర్రకెక్కలేదు.

నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. రోజంతటికీ మూడు చిన్న గ్లాసులు. పిల్ల పెదాలు పగిలిపోయాయి. పక్క మంచం వాళ్ళు సీసా ఎత్తితే చాలు, దీని గొంతు కదిలేది. "అమ్మా, ఒక్క గుక్కే. డాక్టరుకి సెప్పను" అనేది. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే గుడ్డని పళ్ళతో పట్టుకుని పీల్చేది. దాని నోట్లోంచి ఆ గుడ్డ లాగాల్సొచ్చింది. అప్పుడది నన్ను చూసిన చూపు ఏ తల్లికీ ఎదురు కాకూడదు. ఇలాంటి తల్లికి ఎందుకు పుట్టావే అని గోడవైపు తిరిగి ఏడ్చాను.

రెండో రోజు వరండాలో నాన్న పక్కన కూలబడ్డాను. నువ్వు చెప్పావు నాన్నా, నేనే వినలేదు అన్నాను.

ఆయన తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "నాను గట్టిగా సెప్పనేదు గదే. నోట్లో ఎట్టుకోగానే తెలిసింది. సదువుకున్నదానివి, నీకు తెలుస్తాదిలే అని ఊరుకున్నాను. తప్పు నాది" అన్నారు.

ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువైంది.

మూడో రోజు మధ్యాహ్నానికి పిల్లకి మూత్రం వచ్చింది. నర్సు కొలిచి రాసుకుంటుంటే దండం పెట్టాను. వారానికి వాపు దిగింది. అప్పుడు చూస్తే లోపల ఎముకలే మిగిలాయి. ఇంటికొచ్చాం.

ఆ తర్వాత మా ఇంట్లోకి పెట్టె గానీ పొట్లం గానీ రాలేదు. అయినా వానాకాలంలో జలుబు చేసి, కళ్ళ కింద మళ్ళీ ఉబ్బు మొదలైంది. మళ్ళీ అవే మాత్రలు. ఈసారి మీరేం తప్పు చెయ్యలేదని డాక్టరు చెప్పారు. అది విని నాకు ధైర్యం రాకపోగా ఉన్నదీ పోయింది. నా తప్పయితే దిద్దుకుందును. ఏ తప్పూ లేకుండా వచ్చేదానికి ఎక్కడ అడ్డం నిలబడను?

ఆ సాయంత్రం గంజన్నంలో ఇంత పెరుగు కలిపి పిల్లకి పెట్టాను. ఉప్పేదీ అని ఇప్పుడు అడగడం లేదు. సగం తిని, కంచం పక్కకి జరిపి, పడుకుంటానంది.