ఆకుపచ్చ గాజుల తోరణం

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరి చేతి గాజు పగిలినా ముక్కల కోసం అందరికన్నా ముందు పరిగెత్తేది నేనే. పగిలిందనకూడదు, పెరిగిందనాలి అని మా అమ్మ నెత్తిన మొట్టేది. పగిలినా పెరిగినా నాకు కావలసింది ముక్కలు. తెనాలిలో మా వీధి ఆడపిల్లలకి అప్పట్లో అదో పిచ్చి. గాజుముక్కల్ని కొవ్వొత్తి మంట మీద వంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులు చేసి, గుమ్మాలకి తోరణాలు కట్టేవాళ్లం. గాజుల కొట్టు సాయిబుగారు పగిలినవన్నీ ఒక డబ్బాలో దాచి, అడిగిన పిల్లలకి పొట్లం కట్టి ఇచ్చేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఇళ్లల్లోకి రంగుల టీవీలొచ్చాయి, వీధి చివర ఎస్టీడీ బూత్ వెలిసింది, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయేది. ఆ రెండు గంటలూ మా చేతిపనులకే.

ఈ సంగతి నేను ఎప్పుడు చెప్పినా శాంతంగా చెప్పలేను. మా పిల్లలు "అమ్మా, మళ్లీ మొదలుపెట్టావా" అంటారు. అవును, మళ్లీ మొదలుపెట్టాను. తలలో తెల్లవెంట్రుకలు వచ్చేశాయి, అయినా ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నాకు ఆ పని నేర్పింది పక్కింటి అక్క. అప్పటికి అక్కకి ఇరవై మూడేళ్లుంటాయేమో. బాపట్లలో ఇచ్చి పెళ్లి చేశారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ భర్త మోటార్ సైకిల్ మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. అక్క పుట్టింటికి వచ్చేసింది. చీరలకి ఫాల్స్ కుట్టేది. మిగిలిన పొద్దంతా చేతులు ఖాళీగా ఉంచేది కాదు. వైరు బుట్టలు, ఊలు బంతులు, పాత పెళ్లికార్డులు మడిచి చేసిన పూలబుట్టలు, ఐస్‌క్రీమ్ పుల్లలతో గోడకి తగిలించే బొమ్మరిళ్లు. వాళ్లింట్లో చేత్తో చెయ్యని వస్తువు నాకు కనబడేది కాదు. ఆ చేతికి మాత్రం నల్ల బెల్టు వాచీ ఒక్కటే ఉండేది.

గాజుముక్కల పనికి ఓపిక కావాలి. నాకది లేదు. ముక్క నడుముకి మంట తగలాలి. ఒక కొస పట్టకారుతో, రెండో కొస గుడ్డ చుట్టుకున్న వేళ్లతో పట్టుకోవాలి. నడుము మెత్తబడగానే కొసల్ని మెల్లగా దగ్గరకి తేవాలి, అవి కలిసేలోపే ఇంకో ముక్కని లోపలికి దూర్చాలి. తొందరపడితే టప్పున విరుగుతుంది. నేను రోజుకి ఇరవై విరిచేదాన్ని, విరిగినప్పుడల్లా కొవ్వొత్తిని తిట్టేదాన్ని. "కొవ్వొత్తేం చేసిందే నిన్ను, ముందు నువ్వు చల్లారు" అనేది అక్క. మసి పట్టిన ముక్కల్ని పాత బనీను గుడ్డతో తుడిస్తే మళ్లీ రంగు తేలేవి. అది చూసినప్పుడు మాత్రం నా కోపం పోయేది.

ఆ ఏడు శ్రావణమాసంలో అమ్మ చేసే వరలక్ష్మీ వ్రతానికి మా హాలు గుమ్మానికి పదకొండు గొలుసుల తోరణం కట్టాలని పట్టుబట్టాను. ఒక వరస ఎరుపు, ఒక వరస ఆకుపచ్చ. ఎరుపు కావలసినంత దొరికింది. ఆకుపచ్చ సగంలోనే అయిపోయింది. వ్రతం ఇంకా పది రోజులుంది. మా అరుగు మీద నేను ముఖం మాడ్చుకుని కూర్చుంటే, అక్క లేచి వాళ్లింట్లోకి వెళ్లి గాజులపెట్టె తెచ్చింది. అందులో నాలుగు డజన్ల ఆకుపచ్చ గాజులున్నాయి. అక్క పెళ్లినాటివి. భర్త పోయినప్పుడు చేతికి ఉన్నవి పగలగొట్టారు కానీ, పెట్టెలోవి అలాగే ఉండిపోయాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని వాళ్లమ్మ చూసిందట. ఊరికే ఇస్తానన్నా పుచ్చుకున్నవాళ్లు లేరు. అక్క వాటిని తువ్వాల్లో చుట్టి, పచ్చడిబండ పుచ్చుకుని నాలుగు దెబ్బలు వేసింది. గట్టిగానే వేసింది. మా నాన్నమ్మ పక్కనే చింతపండులో గింజలు తీస్తూ అంతా చూసింది. "కంట్లో పడగలవు, జాగ్రత్త" అంది, అంతే.

మా తాతయ్య పోయి అప్పటికి ఆరేళ్లు. అప్పట్నుంచి నోములూ వ్రతాలూ ఉన్న రోజున నాన్నమ్మ వంటిల్లు దాటి హాల్లోకి వచ్చేది కాదు. రావద్దని ఎవరైనా అనగా నేను వినలేదు. అననక్కర్లేకుండానే ఆవిడ రాదు. అదేం ఏర్పాటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వంట మాత్రం ఆవిడే చెయ్యాలి. ఆవిడ చేతి పూర్ణం బూరెల కోసం పేరంటాళ్లు ఎదురుచూసేవాళ్లు. చెయ్యి కావాలి, మనిషి వద్దు.

వ్రతం రోజు పొద్దున్నే రేపల్లె నుంచి మా మేనత్త దిగింది. నాన్నమ్మ కడుపున పుట్టిన పెద్దకూతురు. మా అమ్మకి ఆవిడంటే హడల్. అత్త వచ్చిందంటే అమ్మ నడక కూడా మారిపోయేది. పక్కింటి అక్కని కూడా పిలుద్దామని నేను అమ్మ కొంగు పట్టుకుని అడిగితే, "ఇవాళ వద్దులే, రేపు ప్రసాదం పట్టుకెళ్దువుగాని" అంది. అక్కకి ప్రసాదం కన్నా ఎక్కువ కావలసింది గుమ్మానికి తోరణం ఎలా ఉందో చూడటం. నాకు తెలుసు. అప్పుడే గొడవ పెట్టి ఉండాల్సింది.

పూజయింది. ఏడుగురు ఆడవాళ్లు హాల్లో విస్తళ్ల ముందు కూర్చున్నారు. నాన్నమ్మ వంటింటి గడపలోంచి గిన్నెలు అందిస్తుంటే అమ్మ వడ్డించింది. బూరెలు పడ్డాయి, పులిహోర పడింది, నెయ్యి వెయ్యడమే తరువాయి. అప్పుడు వీధి చివరింటి పిన్నిగారు తలెత్తి తోరణం చూసి, "ఎంత బావుందండి, ఎక్కడ కొన్నారు?" అనడిగింది. అమ్మ మురిసిపోయి, మా అమ్మాయే చేసిందండి అంది. నేనూ మురిసిపోయాను కానీ ఆ మాట నిజం కాదు కదా. "నేనొక్కదాన్నే కాదు, పక్కింటి అక్క చేసింది, నేను సాయం. ఆ ఆకుపచ్చవన్నీ అక్క పెళ్లి గాజులే" అన్నాను.

అక్క పెళ్లి గాజులంటే అందరూ అబ్బా అంటారనుకున్నాను. నా తెలివి అంతే. హాలంతా ఒక్కసారి చల్లబడిపోయింది. అత్త చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. "ఏ అక్క?" అంది, తెలిసే అడిగింది.

అమ్మ ముఖం పాలిపోయింది. "చిన్నపిల్ల వదినా, ఏదో వాగుతుంది. గాజుల కొట్లో ఇచ్చిన ముక్కలే అవన్నీ" అని నా వైపు తిరిగింది. "అంతేగా?" అంది. అమ్మ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. నేను తల ఊపాను.

అంతటితో అయిపోయేది. అత్త సరేలే అన్నట్టు విస్తరి వైపు తిరిగింది కూడా. తోరణం గుమ్మానికే ఉండేది, బూరెలు తినేవాళ్లు, సాయంత్రం శనగలు పుచ్చుకుని వెళ్లేవాళ్లు. కానీ వంటింట్లోంచి నాన్నమ్మ మాట వినపడింది. "పిల్లచేత అబద్ధం ఎందుకాడిస్తావమ్మా? అవి ఆ అమ్మాయి గాజులే. నా ఎదురుగానే పగలగొట్టింది."

అత్త లేచింది. స్టూలు లాక్కొచ్చి ఎక్కి, తోరణం పట్టుకుని గుంజింది. విప్పలేదు, గుంజింది. మూడు గొలుసులు తెగి ముక్కలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "ముత్తైదువలు తిరిగే గుమ్మం. బుద్ధుండక్కర్లా ఎవరికీ?" అంటూ ఆ పోగుని న్యూస్‌పేపర్లో చుట్టి వీధి మెట్టు మీద పడేసి వచ్చింది. పది రోజులు కాల్చుకున్న వేళ్లు నావి, అక్కవి. నేను అది నాదని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. అత్త చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నాన్నమ్మ వంటింటి గడప దాటింది. ఒక చేత్తో ఖాళీ గిన్నె పట్టుకుని, నడుం పట్టేసిన మనిషి మెల్లగా హాల్లోకి వచ్చింది. తిన్నగా కూతురి దగ్గరకి వెళ్లి వంగి, విస్తట్లోంచి రెండు బూరెలూ తీసి గిన్నెలో వేసుకుంది. తర్వాత పులిహోర తీసింది. వడ్డించిన విస్తట్లోంచి తియ్యడమంటే మా ఇళ్లల్లో చెంప మీద కొట్టినదాని కన్నా ఎక్కువ. "అమ్మా, ఏంటిది?" అంది అత్త.

నాన్నమ్మ గొంతు పెంచలేదు. "ఇవీ నా చేతివేనే. నా చేతులకీ గాజుల్లేవు. ఆ పిల్ల గాజులు గుమ్మానికే పనికిరాకపోతే, నా బూరెలు నీ కడుపులోకెట్లా పనికొస్తాయి?" అని పక్క విస్తరి వైపు జరిగింది. అక్కడివీ తీసింది. మూడో విస్తరి వీధి చివరింటి పిన్నిగారిది. ఆవిడ రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టుకుంది. "నావి తియ్యకండి పెద్దమ్మగారూ. నాకు తోరణమూ బావుంది, బూరెలూ కావాలి" అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నాన్నమ్మ ఆవిడ విస్తట్లో ఇంకో బూరె వేసి, మిగిలినవాళ్లని ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

అత్త వచ్చి తోరణం మళ్లీ కట్టిందని చెప్పాలని నాకూ ఉంది. కట్టలేదు. చారన్నం నాలుగు ముద్దలు కతికి, మధ్యాహ్నం బండికే రేపల్లె వెళ్లిపోయింది. అమ్మ వంటింట్లో ఏడ్చింది. పండగపూట ఇంటి పరువు తీశారని నాన్నమ్మ మీద, నోటి దూల అని నా మీద. నాన్నమ్మ గిన్నెలు తోమింది. తర్వాత నన్ను పిలిచి, "మెట్టు మీద ఉన్నది పట్టుకెళ్లి ఆ అమ్మాయికి ఇవ్వు. వచ్చి అతికించి కట్టి పొమ్మను. నేను రమ్మన్నానని చెప్పు" అంది.

అక్క వాళ్ల పెరటి గుమ్మంలో కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. అంతా వినే ఉంటుంది. నేను పొట్లం ముందు పెట్టి, అత్తని నోటికొచ్చినట్టు తిట్టి, నాన్నమ్మ రమ్మందని చెప్పాను. అక్క పొట్లం విప్పలేదు. "ఇవాళ రాను. పేరంటం రోజు పిలిపించి గుమ్మంలో నిలబెట్టి చూపించడానికి నేనేమన్నా తోరణాన్నా? రేపు వస్తా, రోజూ వచ్చినట్టే వస్తా" అంది. ఆ మాటలో ఎంత కోపం ఉందో అప్పుడు నాకు అర్థమైంది. నా కోపం దాని ముందు చిన్నపిల్ల ఆట.

నేను వెళ్లబోతుంటే ఆపింది. "మీ అమ్మ మాట వినపడింది. మీ నాన్నమ్మ మాటా వినపడింది. మధ్యలో నువ్వేమన్నావే?" అనడిగింది.

తల ఊపితే చప్పుడు కాదు. గోడ అవతలికి వినపడదు. నేనేమీ అనలేదక్కా అంటే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు. "తల ఊపాను" అన్నాను.

అక్క చేతిలో సూది ఆగింది. నన్ను దగ్గరకి తీసుకుంటుందనుకున్నాను. చిన్నదానివి, నీకేం తెలుసులే అంటుందనుకున్నాను. చాలాసేపు నన్ను అలా చూసి, మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. తిట్టినా బావుండేది.

మర్నాడు అక్క వచ్చింది, వీధి గుమ్మంలోంచే వచ్చింది. నాన్నమ్మ స్టూలు పట్టుకుంది. అమ్మ ఇంట్లోనే ఉండి కూడా బయటికి రాలేదు. అక్కా నేనూ కలిసి తెగిన గొలుసులు అతికించాం. రెండు మూడు చోట్ల ముక్కలు చాలలేదు, అక్కడ గొలుసు పొట్టిగానే ఉండిపోయింది. ఆ గుమ్మానికి తోరణం తొమ్మిదేళ్లుంది. అత్త మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాని కిందుగానే లోపలికి నడిచింది, ఎప్పుడూ తలెత్తి చూడలేదు.

అత్త మీద కోపం నాకు ఇంకా ఉంది. అమ్మ మీదా ఉంది, ఆవిడ ఎంత భయపడిందో ఇప్పుడు తెలిసినా సరే. వాళ్లందరి మీద ఉన్నదానికన్నా నా మీద నాకున్నది ఎక్కువ. అత్త గుంజింది తోరణాన్ని. అందులో అక్కే లేదన్నది నేను, ఒక్క మాటైనా అనకుండా. ఇప్పుడు మా చుట్టాలిళ్లల్లో ఏ శుభకార్యం జరిగినా, ఎవరో ఒకావిడని పక్కకి జరగమంటారు. హారతి పళ్లెం ముట్టుకోవద్దంటారు. అని, అందరినీ ఔనని తల ఊపమన్నట్టు చుట్టూ చూస్తారు. ఆ చూపు నా దాకా వచ్చేసరికి నా మెడ కొయ్యబారిపోతుంది, నోరు లేస్తుంది. కార్యం చెడగొడతానని నన్ను పిలవడం మానేసినవాళ్లున్నారు. మానెయ్యనీ.