ఉసేనప్ప రెండో గోడ

బర్రెకు నానబెట్టిన పత్తిగింజల వాసన పొద్దున్నే ముక్కుకు తగిలితే చాలు, నాకు ఉసేనప్ప గుర్తొస్తాడు. ఆదోనిలో మా పత్తి ప్రెస్సుకు మేస్త్రీ ఆయన. మనిషి పొట్టి, గొంతు మాత్రం గేటు దాకా వినపడేది. చదువు రాదు గాని చెవి వెనక ఎప్పుడూ ఒక బొగ్గు ముక్క ఉండేది. నా సంసారాన్ని నిలబెట్టింది ఆ బొగ్గు ముక్కే.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరక్క ఎమ్మిగనూరులో మా మగ్గం మూలబడింది. ఇంట్లో భార్య, ఏడాది పాప. పత్తిని పెట్టెలో వేసి కాళ్లతో తొక్కే పనికి మనుషులు కావాలని విని ఆదోనికి నడిచి వచ్చాను. అయితే ఆ ప్రెస్సులో ఎవరు చేరాలన్నా గేటు దగ్గరున్న రాతిగుండును భుజానికెత్తాలి. ప్రెస్సు సావుకారు వాళ్ల తాత పెట్టిన కట్టుబాటు అది. గుండు నా మోకాలు దాటలేదు. చుట్టూ ఒకటే నవ్వు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఉసేనప్ప నవ్వలేదు. వంగి నా పిక్కలు పట్టి చూశాడు, సంతలో ఎద్దును చూసినట్టు.

"ఏం పని సేస్తాంటివప్పా?"

"గుంటమగ్గం నేస్తాంటిని. దినమంతా కాళ్లతో తొక్కుడే."

ఆయన సావుకారు వైపు తిరిగాడు. "మూడు దినాలు ఈన్ని నాకు ఇడిసిపెట్టు సావుకారూ."

"గుండు ఎత్తలేనోడు పత్తేం తొక్కుతాడు?"

"గుండు ఎత్తేది సేతులతో. పత్తి తొక్కేది కాళ్లతో. నీ గుండు ఏనాడన్నా కాళ్లను అడిగిందా?"

అని ఊరుకోలేదు. సావుకారును గోదాములోకి లాక్కుపోయాడు. వెనకే నేనూ వెళ్లాను. ఒక గోడ మీద ఒక్కొక్కరికి ఒక గుర్తు, మీసమో తలపాగో. దాని పక్కన గుండు భుజం దాటి ఎంత ఎత్తు లేచిందో బొగ్గు గీత. ఎదుటి గోడ మీద అవే గుర్తులు, అలసి కూర్చునే లోపల ఎన్ని పెట్టెలు తొక్కారో అన్ని గీతలు. ఏడాదిగా గీస్తున్నాడట! మొదటి గోడ మీద అందరికన్నా పైనున్న మీసం, రెండో గోడకు వచ్చేసరికి మూడు గీతలతో ఆగిపోయింది.

"మూడు దినాలెందుకు? ఒక్క దినం సాలదా?" అన్నాడు సావుకారు, మెత్తబడి.

"ఒక్క దినం సూస్తే వాడు తిన్న సంగటి బలం తెలుస్తాది, అంతే."

మూడో రోజు మధ్యాహ్నానికి ఆ మీసాలాయన చెమటలు కక్కుతూ కూలబడ్డాడు. నేను మగ్గం మీదున్నట్టే తొక్కుతూ ఉన్నాను. మొన్న నవ్విన వాళ్లే ఈలలు వేశారు. ఉసేనప్ప నా గుర్తుగా గోడ మీద ఒక మగ్గం నాడె గీసి, దాని పక్కన వరసగా గీతలు గీస్తూ పోయాడు. బొగ్గు అరిగిపోయి వేలు గోడకు రాసుకుంటే గట్టిగా నవ్వాడు. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

ఆయన తర్వాత మేస్త్రీని నేనే అయ్యాను. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మూడు రోజులిచ్చాను. గేటు దగ్గర ఇక పని లేని ఆ గుండు ఇప్పుడు మా వాకిట్లో కుడితితొట్టి పక్కన ఉంది. ఇప్పటికీ నా మోకాలు దాటదు.

ఆనాటి ఏడాది పాప ఇప్పుడు బడిలో పంతులమ్మ. పరీక్ష కాగితాలు ముందేసుకొని, "ఈ పిల్లకు ఏమీ రాదు నాయనా" అని విసుక్కుంటూ ఉంటుంది.

"రెండో గోడ సూసినావా తల్లీ?" అంటాను.

ఎర్రసిరా కలం మూతపెట్టి, ఆ కాగితం మళ్లీ మొదటినుంచి చదువుతుంది.