రాట్నంలా మూలిగిన ఇంజను

నా డైరీ పేజీలు ఫ్యాను గాలికి ఎగరకుండా పెట్టుకునే ఇనుప పలక ఒకటి ఉంది. అరచేతి పొడవున నాలుకలా వంగి, మధ్యలో రెండు గాడులు పడి, ఎన్నిసార్లు తుడిచినా వానలు మొదలయ్యేసరికి పాత ఇంజనాయిలు వాసన వేస్తుంది. ఆ వాసన తగిలితే నాకు మళ్లీ పదేళ్లు వస్తాయి, పొందూరులో మా ఇంటి అరుగు కళ్ల ముందుకొస్తుంది.

అరుగుకి ఒక పక్క నాయనమ్మ రాట్నం, ఇంకో పక్క అయ్య సైకిలు షాపు. నాన్నని మేం అయ్య అనేవాళ్లం. నాయనమ్మ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతుంటే దూది పొగమంచులా ఆమె ఒళ్లో చేరేది. అయ్య వైపు నుంచి కిరసనాయిలు వాసన వచ్చేది. నేను ఇద్దరి మధ్యా గోడకి ఆనుకుని, పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు విప్పి చదువుకుంటూ, ఎవరైనా పలకరిస్తే స్తంభం చాటుకి పోయేదాన్ని. రాట్నానికి కొత్త తాడు వేసినప్పుడల్లా నాయనమ్మ చక్రాన్ని ఒక చుట్టంతా మెల్లగా తిప్పి, తాడు ఎక్కడ బిగుస్తుందో అక్కడ ఆపి, ఆ చోట మరీ బిగియకుండా ముడి వేసేది. అలా చూడకపోతే రాట్నం చుట్టుకొకసారి మూలిగేది.

నాగుల చవితి నాడు, నువ్వుల చిమ్మిలి జిడ్డు ఇంకా వేళ్లకి ఉండగానే, పశువుల డాక్టరు గారు మోటారు సైకిలు తోసుకుంటూ వచ్చారు. ఇంజను ఎడమ పక్క, డబ్బాలో రాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడట. పల్లెల్లో పశువులకి గాలికుంటు తగిలింది, మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. అయ్య అంతకు ముందెప్పుడూ మోటారు సైకిలు విప్పలేదు. అయినా మూత తీసి చూసి, లోపలి గొలుసుని కింద నుంచి ఒత్తిపట్టే టెన్షనరు అరిగిపోయిందన్నాడు. డాక్టరు గారు శ్రీకాకుళానికి మనిషిని పంపితే మధ్యాహ్నం బస్సుకి కొత్తది వచ్చింది.

అప్పటికే మా మేనమామ అరుగెక్కి కూర్చున్నాడు. "బావా, పంచర్లేసే సేత్తో ఏనుక్కి పళ్లు తోముతావేటి?"

అయ్య నాయనమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, "రేపు ఈ బండి దార్లో ఆగిపోతే ఇంక నా షాపు గుమ్మం ఎవుడు తొక్కుతాడమ్మా" అన్నాడు.

కొత్త టెన్షనరు వేసి, సైకిలు గొలుసు అలవాటు కొద్దీ చక్రం ఆగిన చోటే వేలితో నొక్కి చూసి బిగించేశాడు. మూత పెట్టి, ఆయిలు పోసి, కిక్కు కొట్టాడు. రాళ్ల చప్పుడు పోయింది. దాని బదులు ఒక మూలుగు, లేచి, పడి, మళ్లీ లేచి.

"సూసినావా, దగ్గు పోయి ఏడుపొచ్చినాది" అన్నాడు మామ.

అయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ మూలుగు నేనెరిగినదే. స్తంభం వదిలి నాలుగడుగులు ముందుకు వేశాను.

"అయ్యా, మన రాట్నంలాగే ఏడుస్తన్నాది. సుట్టంతా తిప్పి సూడు. ఓ సోట బిగుసుకుంటాది గావాల."

"ఒసే, నీకు నోరున్నాదేటే?" అన్నాడు మామ.

"ఒరే, నువ్వూరుకో" అని అయ్య మళ్లీ మూత విప్పాడు. ప్లగ్గు తీసి, గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పి ఆపుతూ, ఆపినప్పుడల్లా నన్ను గొలుసు నొక్కమన్నాడు. ఊగుతోంది. ఊగుతోంది. ఐదోసారి నా వేలి కింద గొలుసు తీగలా నిలబడింది.

"ఇక్కడ, అయ్యా."

ఆ చోటే ఆపి, అక్కడ వేలంత ఊగేలా మర వదులు చేశాడు. ఈసారి కిక్కు కొడితే ఇంజను ఒకే తీరుగా మోగింది. నాయనమ్మ రాట్నం ఆపి విని, "ఇప్పుడు బాగున్నాది" అని మళ్లీ నూలు తీయసాగింది.

డాక్టరు గారు మెచ్చుకుంటే అయ్య, "మా పాప సెప్పినాది, నేను బిగించినాను" అన్నాడు, మామ వైపు చూస్తూ. మర్నాడు సాయంత్రం ఆ బండి మా వీధిలోంచి ఆగకుండా పోతూ రెండుసార్లు హారను కొట్టింది. అయ్య పాత టెన్షనరుని, ఈ ఇనుప పలకనే, శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అరుగు పోయింది. నాయనమ్మ లేదు, రాట్నం అటకెక్కింది, మా వీధిలో ఇప్పుడు దూది దువ్వే చేతులే కరువు. అయ్య కొత్త షాపు మీద మాత్రం మోటారు సైకిళ్ల బోర్డు ఉంది, మూత బిగించే ముందు ఆయన ఇప్పటికీ ఒక చుట్టంతా తిప్పి చూస్తాడు. ఆ నాగుల చవితి రాత్రి నా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో, ఆయిలు వేలిముద్ర పక్కన, జీవితంలో మొదటిసారి డైరీ రాశాను:

"ఈరోజు నేను చెప్పాను. అయ్య విన్నాడు."